ఈ-450 మోటార్‌హోమ్ నడక బాగు చేయడం: టైరు గాలి నుంచి ట్రాక్ బార్ దాకా

ముందు బండి వివరాలు. 2016 మోడల్ ఫోర్డ్ ఈ-450 చాసిస్, 6.8 లీటర్ల ట్రైటన్ వి10 ఇంజిన్, దాని మీద కట్టిన క్లాస్ సి మోటార్‌హోమ్ (లోపల వంటగది, పడకలు ఉండే ఇల్లులాంటి బండి, ఆర్‌వీ అనీ అంటారు). పొడవు 30 అడుగులు, వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం) 220 అంగుళాలు. ముందు రెండు టైర్లు, వెనక జంటలుగా నాలుగు. సైజు ఎల్‌టి225/75ఆర్16, లోడ్ రేంజ్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అక్షరం) ఇ. అమెరికాలో అద్దెకిచ్చే ఆర్‌వీల్లో చాలావాటి కింద ఉండేది ఫోర్డ్ ఈ-సిరీస్ చాసిస్సే. వేసవి సెలవుల్లో పిల్లాపాపలతో ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో బయల్దేరే తెలుగు కుటుంబాల చేతికి వచ్చేదీ తరచూ ఇదే. సొంత బండి లేకపోయినా గాలి గురించి రాసిన భాగం చదవండి.

ఓడోమీటర్ 38,410

ఫిర్యాదులు నాలుగు. గంటకు 60 మైళ్ల వేగంలో బండి తన దారి తాను పట్టి పోదు, స్టీరింగ్‌ని ఎడమకీ కుడికీ సర్దుతూనే ఉండాలి. 18 చక్రాల ట్రక్కు పక్కనుంచి దాటేటప్పుడు ముందు అవతలికి తోసి, తర్వాత తన వైపు లాక్కుంటుంది. కాంక్రీటు రోడ్డు అతుకుల మీద ముందు చక్రాలు సుత్తితో కొట్టినట్టు దబదబలాడతాయి. పెట్రోలు బంకు వాలు ఎక్కితే లోపలి గిన్నెలన్నీ పక్కకి ఒరుగుతాయి.

ఈ నాలుగింటికీ ఒకే మందు లేదు. చాలామంది స్టీరింగ్ స్టెబిలైజరో, లావుపాటి స్వే బారో (బండి పక్కకి ఒరగకుండా పట్టే కడ్డీ) కొనడంతో మొదలుపెడతారు. సగం సార్లు అసలు జబ్బు గాలి దగ్గరో అలైన్‌మెంట్ దగ్గరో ఉంటుంది, పార్టు దాన్ని కప్పిపెడుతుంది. అందుకే ఈ పనికి పెట్టుకున్న వరస ఇది: తూకం తెలియకుండా గాలి మార్చకూడదు, గాలి కుదరకుండా పార్టు కొనకూడదు, ఒకసారికి ఒక్కటే మార్చాలి.

కొలిచే పద్ధతి: హ్యూస్టన్‌కి ఉత్తరాన ఐ-45 మీద ఒకే 10 మైళ్ల ముక్క, 62 మైళ్ల వేగం, గాలివేగం 10 మైళ్ల లోపు ఉన్న రోజులు మాత్రమే. స్టీరింగ్ సర్దిన ప్రతిసారీ పక్క సీట్లో ఉన్న మనిషి కౌంటర్ నొక్కాలి, ప్రతి పరీక్షకూ అదే మనిషి కూర్చోవాలి. ఇది ప్రయోగశాల కొలత కాదు. అయినా 'కొంచెం బాగుందనిపిస్తోంది' అనే మాట కంటే నయం. మొదటి లెక్క 96.

ఓడోమీటర్ 38,460: తూకం

పెట్రోలు ట్యాంకు నిండా 55 గ్యాలన్లు, మంచినీళ్ల ట్యాంకు నిండా 40 గ్యాలన్లు, ప్రొపేన్ సిలిండర్, నలుగురు మనుషులు, బియ్యం బస్తాతో సహా ప్రయాణపు సామానంతా ఎక్కించి తూచాం. ఖాళీ బండిని తూచి గాలి లెక్క కడితే ఆ లెక్క ప్రమాదకరం.

ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేలు మీద ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద నిలిపితే యాక్సిల్ వారీగా చీటీ వస్తుంది. ముందు 4,160 పౌండ్లు, వెనక 9,060 పౌండ్లు. టైరు గాలికి ఇది చాలదు, ఎడమ ఎంతో కుడి ఎంతో తెలియాలి. టెక్సస్‌లోని లివింగ్‌స్టన్‌లో ఎస్కేపీస్ ఆర్‌వీ క్లబ్బు వాళ్ల స్మార్ట్‌వే తూకం చక్రం వారీగా చెబుతుంది. అక్కడ వచ్చిన అంకెలు:

ముందు ఎడమ 2,050, ముందు కుడి 2,130. మొత్తం 4,180.
వెనక ఎడమ జంట 4,660, వెనక కుడి జంట 4,360. మొత్తం 9,020.

డోర్ స్టిక్కర్ ప్రకారం పరిమితులు ముందు యాక్సిల్‌కి 5,000, వెనక యాక్సిల్‌కి 9,600, మొత్తం బండికి 14,500 పౌండ్లు. మనం 13,200 దగ్గర ఉన్నాం. పరిమితి దాటలేదు, కానీ వెనక ఎడమ వైపు బరువు ఎక్కువగా ఉంది. ఫ్రిజ్జూ వంటగట్టూ ఉన్న స్లయిడ్ (బండి ఆగాక బయటికి జరిపే గది భాగం) ఆ పక్కనే ఉంది. ఒక పక్కకీ ఇంకో పక్కకీ 300 పౌండ్ల తేడా ఉందని యాక్సిల్ చీటీ ఎప్పటికీ చెప్పదు. 9,060ని నాలుగుతో భాగిస్తే టైరుకి 2,265 అని వస్తుంది. నిజానికి ఎడమ పక్క టైరు మోస్తున్నది 2,330.

ఓడోమీటర్ 38,520: టైర్లు, వాల్వులు

గాలి లెక్కకి ముందు టైరు పక్కగోడ మీది డాట్ కోడ్ చదివాం. చివరి నాలుగు అంకెలు 2315, అంటే 2015లో 23వ వారం తయారీ. ట్రెడ్ బాగానే ఉంది, పక్కగోడ మీద మాత్రం సన్నటి పగుళ్లు. మోటార్‌హోమ్ టైరు అరిగి చావదు, ఎండలో నిలబడి ఎండిపోయి చస్తుంది. అయిదేళ్లు దాటాక ఏటా నిపుణుడికి చూపించాలని, ట్రెడ్ ఎంత మిగిలినా పదేళ్లకి మార్చేయాలని మిషెలిన్ లాంటి తయారీదార్లే చెబుతారు. పగుళ్లు పడ్డ టైర్లతో గాలి తగ్గించి పరీక్షలు చేయడం తెలివైన పని కాదు. ఆరూ మార్చాం, అదే సైజు, అదే లోడ్ రేంజ్ ఇ.

ఆరూ ఒకేసారి మార్చడానికి ఇంకో కారణం జంటలు. పక్కపక్కన తిరిగే రెండు టైర్ల వ్యాసంలో ఈ సైజులో పావు అంగుళానికి మించి తేడా ఉండకూడదు. పొడవాటి టేపుతో చుట్టుకొలత చూస్తే అది ముప్పావు అంగుళం. తేడా అంతకు మించితే పెద్ద టైరు బరువంతా మోస్తుంది, చిన్నది రోడ్డుకి రాసుకుంటూ పోతుంది.

రబ్బరు వాల్వులు తీసేసి ఇత్తడి వాల్వులు వేయించాం. గాలిని కనిపెట్టే సెన్సర్‌ని రబ్బరు వాల్వు కొనకి బిగిస్తే ఆ బరువుకి వాల్వు మొదట్లో ఊగి ఊగి చిరుగుతుంది, గాలి ఒక్కసారిగా పోతుంది. లోపలి జంట టైరు వాల్వు బయటికి అందేలా పొడుగుది పెట్టించాలి. ఇది అందకపోతే ఎవరూ చూడరు. చూడకపోతే ఏమవుతుందంటే, లోపలి టైరు మెత్తబడితే బయటిది రెండిటి బరువూ ఎత్తుకుంటుంది. 80 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో గాలి ఒత్తిడి) దగ్గర ఒంటరిగా మోయగలిగింది 2,680 పౌండ్లయితే దాని మీద పడేది 4,660. బయటినుంచి చూస్తే రెండూ నిలబడే కనిపిస్తాయి. కర్రతో తట్టి శబ్దం వినే పాత అలవాటు పూర్తిగా పోయిన గాలిని పట్టిస్తుందేమో గాని 15 పీఎస్‌ఐ తగ్గిన సంగతి చెప్పలేదు.

ఓడోమీటర్ 38,900: గాలి

టైర్ల షాపులో ఆరింటికీ 80 పెట్టి పంపారు. దాదాపు ప్రతి షాపులోనూ ఇదే జరుగుతుంది. పక్కగోడ మీద రాసి ఉన్న గరిష్ఠ అంకెని 'పెట్టాల్సిన గాలి' అనుకుంటారు. ఆ అంకెకి అర్థం వేరు: ఈ టైరు తన గరిష్ఠ బరువు మోయాలంటే చల్లగా ఉన్నప్పుడు కనీసం ఇంత గాలి కావాలి. బరువు తక్కువైతే అంత అక్కర్లేదు.

టైరు తయారీదారు ఇచ్చే లోడ్ పట్టికలో ఈ సైజుకి ఉన్న అంకెలు, ఒక్కో టైరుకి పౌండ్లలో:

ఒంటి టైరు: 50 పీఎస్‌ఐకి 1,940, 55కి 2,060, 60కి 2,190, 65కి 2,335, 70కి 2,440, 75కి 2,560, 80కి 2,680.
జంటలో ఒక్కో టైరు: 65కి 2,150, 70కి 2,220, 75కి 2,330, 80కి 2,470.

జంటలో టైరు మోసే బరువు ఎందుకు తగ్గిందంటే, రోడ్డు మధ్యలో ఉబ్బుగా ఉంటుంది, రెండు టైర్లూ ఎప్పుడూ సరిసమానంగా పంచుకోవు. లోపలిదానికి గాలి తగిలి చల్లారడమూ తక్కువే.

ఈ పట్టిక చేతిలో పెట్టుకుని డోర్ స్టిక్కర్ చూస్తే అందులోని అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలిసిపోతుంది. ముందు యాక్సిల్ పరిమితి 5,000, టైరుకి 2,500, దాన్ని మోసే మొదటి గడి 75. స్టిక్కర్ మీద ముందు 75 అనే ఉంది. వెనక 9,600, టైరుకి 2,400, గడి 80. స్టిక్కర్‌లోనూ 80. అంటే స్టిక్కర్ యాక్సిల్ పూర్తి పరిమితి దాకా నిండి ఉంటుందనుకుని రాసింది. తూకం చీటీ లేనివాళ్లకి, ముఖ్యంగా అద్దె బండికి, అదే శిరోధార్యం. చక్రం వారీ తూకం చేతిలో ఉంటేనే దానికంటే కిందికి దిగాలి.

మన లెక్క: ఒక యాక్సిల్ మీద బరువైన పక్కని తీసుకుని, రెండు పక్కలకీ అదే గాలి. ముందు బరువైన పక్క 2,130. 60 పీఎస్‌ఐ 2,190 మోస్తుంది, మిగులు 60 పౌండ్లే. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకి వస్తుంది, గేజి ఒకటి రెండు అంకెలు తప్పు చూపొచ్చు, రాత్రి చలి పెరగొచ్చు. అందుకని ఒక గడి పైకి, 65. అప్పుడు 2,335, దాదాపు 10 శాతం మిగులు. వెనక బరువైన పక్క 4,660, టైరుకి 2,330. పట్టికలో 75కి సరిగ్గా 2,330. మిగులు సున్నా. కాబట్టి వెనక 80, తగ్గించే ప్రసక్తే లేదు.

అప్పటిదాకా ఆరు టైర్లకీ ఒకే 80 నడిచింది. మార్చింది ముందు రెండే, 80 నుంచి 65కి. ఫలితం మొదటి మైల్లోనే తెలిసింది: కాంక్రీటు అతుకుల దబదబ బాగా తగ్గింది. గాలి ఎక్కువైన టైరు నడుము ఉబ్బి ట్రెడ్ మధ్యభాగం మీదే నడుస్తుంది, రోడ్డు మీది ప్రతి గాడీ దాన్ని తన వైపు తిప్పుకుంటుంది. 65 దగ్గర ట్రెడ్ పూర్తి వెడల్పు నేలకి ఆనింది. స్టీరింగ్ లెక్క 96 నుంచి 81కి దిగింది. ఖర్చు లేని మార్పుకి ఇది మంచి ఫలితం.

సుద్దముక్కతో ట్రెడ్ మీద అడ్డంగా గీత గీసి, ఖాళీ స్థలంలో తిన్నగా వంద గజాలు నడిపి, గీత ఎక్కడ చెరిగిందో చూశాం. 80 దగ్గర నడుము మాత్రమే చెరిగింది, 65 దగ్గర అంచుల దాకా చెరిగింది. ఈ పరీక్ష పట్టిక చెప్పినదాన్ని సరిచూసుకోవడానికే. పట్టిక వదిలేసి సుద్ద చెప్పిందని 55కి దిగితే అంచులు వేడెక్కి లోపలి పొరలు విడిపోతాయి. నడక కూడా మెత్తబడి, స్టీరింగ్ తిప్పాక బండి ఒక క్షణం ఆలస్యంగా తిరుగుతుంది.

చల్లని గాలి అంటే ఏమిటో చెప్పకుండా ఈ భాగం ముగించకూడదు. బండి కనీసం మూడు నాలుగు గంటలు కదలకుండా, ఎండ పడకుండా ఉన్నప్పటి కొలత అది. తెల్లవారుజామున చూడటం మేలు. నడిచాక 10 నుంచి 15 పీఎస్‌ఐ పెరుగుతుంది, అది మామూలే. పెరిగింది కదా అని వేడి మీద గాలి వదిలితే మర్నాడు పొద్దున పట్టిక కంటే కింద ఉంటారు. టైర్లు పేలిపోవడానికి దారితీసే తప్పుల్లో ఇదొకటి.

వాతావరణం మారితే లెక్క మారుతుంది. హ్యూస్టన్‌లో 78 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉదయం పెట్టిన 80, 40 డిగ్రీల ఉదయానికి దాదాపు 73 చూపిస్తుంది. ముందు 65 పెట్టింది 59 అవుతుంది. రెండూ మన కనీసం కంటే కిందే. కొలరాడో కొండలెక్కితే బయటి వాతావరణ పీడనం తగ్గి గేజి మీద ప్రతి 2,000 అడుగులకి దాదాపు 1 పీఎస్‌ఐ పెరిగినట్టు కనిపిస్తుంది, చలి వల్ల పోయినదాన్ని అది పూర్తిగా పూడ్చదు. బస చేసిన చోట మర్నాడు పొద్దున చూసి నింపుకోవడమే దారి. అందుకు 100 పీఎస్‌ఐ దాకా తేలిగ్గా ఎక్కించే 12 వోల్టుల కంప్రెసర్ బండిలో ఉండాలి. కార్లకి అమ్మే చిన్న కంప్రెసర్లు చాలావరకు 60 దాటాక వేడెక్కి ఆగిపోతాయి. జంటల కోసం రెండు ముఖాల పొడుగు గేజి కావాలి. కొన్న గేజిని టైర్ల షాపులోని మంచి గేజితో ఒకసారి పోల్చి, తేడా ఎంతో దాని మీదే మార్కరుతో రాసుకోండి.

సెన్సర్లకి తక్కువ గాలి అలారం ముందు 60, వెనక 75 దగ్గర పెట్టాం, పట్టిక చెప్పిన కనీసాలు అవే. ఎక్కువ గాలి అలారం చల్లని కొలతకి 25 శాతం పైన.

ఓడోమీటర్ 39,150: బరువు జరపడం

వెనక యాక్సిల్‌కి 90 అంగుళాల వెనక, ఎడమ అరలో జాకీలూ పనిముట్లూ కలిపి 90 పౌండ్లు ఉన్నాయి. వాటిని డ్రైవరు తలుపు వెనకున్న అరలోకి మార్చాం. అది యాక్సిల్‌కి 180 అంగుళాల ముందు. 90 పౌండ్లు 270 అంగుళాలు జరిగాయి, 220తో భాగిస్తే 110. ముందు యాక్సిల్‌కి 110 పౌండ్లు కలిసి వచ్చాయి, వెనక అంతే తగ్గింది. తొంభై పౌండ్లు జరిపితే నూటపది ఎలా మారిందని అనుమానం రావచ్చు. యాక్సిల్ వెనక వేలాడే బరువు తక్కెడలాగా ముందు చక్రాలని పైకి లేపుతుంది. దాన్ని తీసేస్తే ఆ ఎత్తు కూడా పోతుంది.

నీళ్ల ట్యాంకుదీ ఇదే కథ. 40 గ్యాలన్లు 334 పౌండ్లు, ట్యాంకు నడుము యాక్సిల్‌కి 70 అంగుళాల వెనక. నిండుగా ఉంటే ముందు యాక్సిల్ 106 పౌండ్లు తేలికవుతుంది. నీళ్లు దొరికే చోటికి వెళ్తుంటే మూడోవంతు చాలు. గాలి లెక్క మాత్రం ట్యాంకు నిండా ఉన్నప్పటిదే ఉంచాలి.

మళ్లీ తూచితే ముందు 4,290, వెనక 8,910. గాలి అంకెలు మారలేదు. స్టీరింగ్ లెక్క 72కి దిగింది.

ఓడోమీటర్ 39,300: వదులు వెతకడం, అలైన్‌మెంట్

అలైన్‌మెంట్‌కి ముందు వదులుగా ఏమున్నాయో చూడాలి. ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఒకరు స్టీరింగ్‌ని రెండంగుళాలు అటూ ఇటూ ఊపుతుంటే, ఇంకొకరు కిందనుంచి స్టీరింగ్, ముందు సస్పెన్షన్ కీళ్లు, అంటే టై రాడ్ కొనలు, పిట్‌మన్ ఆర్మ్, రేడియస్ ఆర్మ్ బుష్‌లు చూశారు. అవన్నీ గట్టిగానే ఉన్నాయి. ముందు స్వే బార్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే రబ్బరు బుష్‌లు మాత్రం అరిగి 3 మిల్లీమీటర్ల సందు వచ్చింది. బార్ మలుపు మొదట్లో ఆ 3 మిల్లీమీటర్లు తిరిగాకే పని మొదలుపెడుతోంది. రెండు పాలీయురెథేన్ బుష్‌లు, వాటితో వచ్చిన గ్రీసు, ముప్పావు గంట పని. పెట్రోలు బంకు వాలులో ఒరగడం దీంతోనే సగం తగ్గింది. గ్రీసు వేయకుండా పాలీయురెథేన్ బిగిస్తే వారంలో కిచకిచ మొదలవుతుంది.

స్టీరింగ్ బాక్సు పైనున్న సర్దుబాటు స్క్రూ జోలికి పోలేదు. స్టీరింగ్ వదులు తగ్గించాలని దాన్ని బిగిస్తే నడుమ దగ్గర గేర్లు పట్టేసి, మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. అప్పుడు బండి ఇంకా తూలుతుంది.

ఇక అలైన్‌మెంట్. ఈ-450 ముందు సస్పెన్షన్ ట్విన్ ఐ-బీమ్. క్యాస్టర్ (దాని సంగతి కింద ఉంది), క్యాంబర్ (చక్రం నిలువుగా కాక లోపలికో బయటికో ఒరగడం) రెండూ పై బాల్ జాయింట్ చుట్టూ ఉన్న బుష్ నిర్ణయిస్తుంది. ఫ్యాక్టరీ బుష్‌ని సర్దడం కుదరదు. సర్దుబాటు బుష్‌లు కొనివ్వకపోతే షాపువాళ్లు టో (ముందు చక్రాలు ఒకదానివైపు ఒకటి ఎంత తిరిగి ఉన్నాయో ఆ కొలత) మాత్రం సరిచేసి పంపేస్తారు. మొదటి కొలత: క్యాస్టర్ ఎడమ 3.1, కుడి 2.7 డిగ్రీలు. తెర మీద రెండూ ఆకుపచ్చే, స్పెక్ పరిధిలోనే ఉన్నాయి. పరిధిలో ఉండటం వేరు, 13,000 పౌండ్ల గోడలాంటి బండికి సరిపోవడం వేరు.

క్యాస్టర్ అంటే సైకిల్ ముందు ఫోర్క్ వాలు. చేతులు వదిలేసినా సైకిల్ తిన్నగా పోవడానికి ఆ వాలు సాయపడుతుంది. వాలు పెరిగితే చక్రం నడిమికి గట్టిగా తిరిగొస్తుంది. బండి తక్కువ క్యాస్టర్ ఉన్న పక్కకి లాగుతుంది. ఇక్కడ తక్కువ ఉన్నది కుడి, రోడ్డు వాలు కూడా కుడికే. రెండూ కలిసి బండిని రోడ్డు అంచుకి నెడుతున్నాయన్నమాట.

షాపుకి కాగితం మీద రాసిచ్చిన లక్ష్యాలు: క్యాస్టర్ ఎడమ 5.0, కుడి 5.3, క్యాంబర్ 0 నుంచి పావు డిగ్రీ, మొత్తం టో-ఇన్ అంగుళంలో పదహారో వంతు. ఒకే బుష్ తిప్పితే క్యాస్టర్, క్యాంబర్ రెండూ కదులుతాయి, కాబట్టి ముందు వాటిని కుదిర్చి టో చివర్లో పెట్టాలి. పెట్రోలు, సామాను నింపుకునే వెళ్లాలి. ట్విన్ ఐ-బీమ్‌లో ముందు భాగం ఎత్తు మారితే క్యాంబర్ మారిపోతుంది, ఖాళీ బండికి చేసిన అలైన్‌మెంట్ నిండు బండికి పనికిరాదు. క్యాస్టర్ మరీ పెంచితే పార్కింగులో స్టీరింగ్ బరువెక్కి, తక్కువ వేగంలో చక్రాలు వణికే ప్రమాదం ఉంది.

లెక్క 72 నుంచి 38. మొత్తం ప్రాజెక్టులో ఇంత తేడా తెచ్చిన పని ఇంకొకటి లేదు.

ఓడోమీటర్ 39,700: వరస తప్పింది

వెనక కమాన్ పట్టీలు కొంచెం కుంగి ఉన్నాయి, ఎడమ పక్క ఎక్కువగా. సాయానికి గాలి స్ప్రింగులు బిగించి తోక భాగాన్ని సగటున 2 అంగుళాలు లేపాం. బండి చూడటానికి తిన్నగా నిలబడింది. లెక్క మాత్రం 38 నుంచి 50కి ఎగబాకింది.

కారణం లెక్కలోనే ఉంది. 220 అంగుళాల వీల్‌బేస్ మీద వెనక 2 అంగుళాలు లేస్తే చాసిస్ అర డిగ్రీ ముందుకి వాలుతుంది. క్యాస్టర్ రెండు పక్కలా అర డిగ్రీ పోయింది. మళ్లీ అలైన్‌మెంట్‌కి వెళ్లాం, 36 దగ్గర నిలబడింది. ఎవరైనా ఈ పని మొదలుపెడుతుంటే ఎత్తు సరిచేసే పనులు ముందు ముగించి, ఆ తర్వాతే అలైన్‌మెంట్ చేయించాలి. రెండుసార్లు డబ్బు కట్టే పని తప్పుతుంది.

గాలి స్ప్రింగుల గురించి రెండు మాటలు. ఎడమ, కుడి వేర్వేరు వాల్వులతో పెట్టాలి. రెండిటినీ ఒకే గొట్టంతో కలిపితే మలుపులో నొక్కుకుపోయే పక్క నుంచి గాలి అవతలి పక్కకి పారి బండి ఇంకా ఒరుగుతుంది. ఇవి ఎత్తుని సరిచేస్తాయి గాని యాక్సిల్ పరిమితిని పెంచవు. 9,600 అంటే 9,600 పౌండ్లే.

ఓడోమీటర్ 40,200: షాకులు

నాలుగూ మార్చి గ్యాస్ నింపిన మోనోట్యూబ్ షాక్ అబ్సార్బర్లు వేశాం. పాత షాకుని చేత్తో నొక్కితే ఎలాంటి అడ్డూ లేకుండా లోపలికి పోయింది. లెక్క 34, పెద్ద తేడా కాదు. షాకు చేసే పని వేరు: వంతెన దిగే చోట పల్లంలో బండి మూడు సార్లు తల ఊపేది, ఇప్పుడు ఒక్కసారి ఊపి ఆగుతోంది. రబ్బరు బుష్ ఉన్న బోల్టులని చక్రాలు నేల మీద ఉండగానే చివరి బిగింపు ఇవ్వాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దించాక బుష్ ఎప్పుడూ మెలిపడి ఉండి త్వరగా చిరుగుతుంది.

ఓడోమీటర్ 40,600: వెనక ట్రాక్ బార్

ట్రక్కు దాటేటప్పటి తోపు ఇంకా మిగిలింది. వెనక యాక్సిల్‌ని అడ్డంగా పట్టి ఉంచేది కమాన్ పట్టీలు మాత్రమే. పక్కనుంచి గాలి కొట్టగానే పట్టీలు, వాటి బుష్‌లు కాస్త వంగి బాడీ యాక్సిల్ మీద పక్కకి జరుగుతుంది. అప్పుడు వెనక చక్రాలే బండిని తిప్పినట్టవుతుంది, డ్రైవరు ముందు చక్రాలతో దాన్ని సరిదిద్దుతాడు. ట్రాక్ బార్ అంటే ఒక కొన చాసిస్‌కి, ఇంకో కొన యాక్సిల్‌కి బిగించే అడ్డ కడ్డీ. అది ఈ పక్క కదలికని ఆపుతుంది.

ఇందులో తప్పు జరిగేది కోణం దగ్గర. కడ్డీ 36 అంగుళాలు అనుకుందాం. నిండు బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు అది సమంగా ఉంటే, గుంతలో యాక్సిల్ 2 అంగుళాలు లేచినప్పుడు పక్కకి జరిగేది అంగుళంలో ఇరవయ్యో వంతు కంటే కాస్త ఎక్కువ. అదే కడ్డీ ఒక కొన 4 అంగుళాల కిందికి వాలి ఉంటే, వాలు ఇంకా పెరిగే దిశలో అదే 2 అంగుళాల కదలికకి యాక్సిల్ పావు అంగుళం పైగా పక్కకి పోతుంది. అయిదు రెట్లు. ప్రతి గుంతలోనూ బండి వెనక భాగం పక్కకి తన్నుతుంది, దాని కంటే ట్రాక్ బార్ లేకపోవడమే నయం. గాలి స్ప్రింగులు మామూలు గాలితో, సామాను నింపి, బండిని చదునైన నేల మీద నిలిపి బ్రాకెట్ ఎత్తు కుదిర్చాం. కడ్డీ పూర్తి కదలికలో సైలెన్సర్ గొట్టానికీ బ్రేకు పైపులకీ తగలకుండా కనీసం ఒక అంగుళం ఖాళీ చూసుకోవాలి. 500 మైళ్ల తర్వాత అన్ని బోల్టులూ మళ్లీ టార్క్ రెంచితో సరిచూశాం. యాక్సిల్ మీది యు-బోల్టు రెండు చోట్ల పావు మలుపు తీసుకుంది.

లెక్క 24. ట్రక్కు తోపు పూర్తిగా పోలేదు, పది అడుగుల పైగా ఎత్తున్న బాడీకి పోదు కూడా. ఇప్పుడు మాత్రం తోపు ఒక్కసారి వచ్చి ఆగుతోంది, ఊగులాట లేదు.

ఓడోమీటర్ 41,050

వెనక లావు స్వే బార్ వేయలేదు. ముందు బుష్‌లు, షాకులు మారాక వాలుల్లో ఒరగడం సరిపడా తగ్గింది. వెనక బార్ గట్టిపడితే ఒక పక్క చక్రం గుంతలో పడ్డప్పుడు ఆ దెబ్బ రెండో పక్కకి, అక్కణ్ణుంచి అరల్లోని గిన్నెలకి చేరుతుంది. స్ప్రింగుతో నడిమికి లాగే స్టీరింగ్ స్టెబిలైజర్ కూడా ఇప్పటికి వేయలేదు. ముందు టైరు పేలినప్పుడు స్టీరింగ్ లాక్కుపోయే జోరుని అది తగ్గిస్తుంది, ఆ కారణంతో తర్వాత వేయవచ్చు. అలైన్‌మెంట్ కుదరకముందు వేస్తే మాత్రం బండి లాగుతున్న సంగతే తెలియనివ్వదు.

అద్దె బండి తీసుకునేవాళ్లు ఇందులో చేయగలిగింది పొద్దున్నే చల్లని టైర్ల మీద ఆరింటికీ గేజి పెట్టి డోర్ స్టిక్కర్ అంకెతో సరిచూడటం, లోపలి జంటలతో సహా. బరువైన సామాను తోక అరలో కాకుండా యాక్సిళ్ల మధ్యనున్న అరల్లో, నేలకి దగ్గరగా సర్దడం.

ఈ ఉదయం 71 డిగ్రీల దగ్గర కొలత: ముందు 65, 65. వెనక ఎడమ బయట 80, లోపల 78. కుడి బయట 80, లోపల 80. ఎడమ లోపలి వాల్వు మీద సబ్బు నీళ్లు వేస్తే సన్నటి బుడగ వచ్చింది. వాల్వు కోర్ మార్చి 80కి నింపాం, రేపు పొద్దున మళ్లీ చూడాలి.